భూమిని చదివే చదువు: దగ్గరున్నా దూరమే
రాళ్లకు పేరుపడ్డ కడప సీమలో భూగర్భ శాస్త్రం వైపు తిరిగి చూడని ఇంటరు విద్యార్థులు

కడప: 2015వ సంవత్సరం చివరి నెలలలో కురిసిన పెద్ద వానల తరువాత చింతకొమ్మదిన్నె మండలం బుగ్గలేటిపల్లె పరిసరాలలో నేల ఉన్నట్టుండి గుండ్రని గుంతలుగా కుంగిపోయింది. నిన్నటి వరకు మడక తోలిన చోట నేడు బావిలాంటి గొయ్యి. దానిని చూసి జనం భయభ్రాంతులయ్యారు. తలా ఒక మాట అన్నారు. ఆ తరువాత భూగర్భ శాస్త్రజ్ఞులు వచ్చి చూచి చెప్పిన సంగతి తేలికైనదే. అక్కడ నేల కింద సున్నపురాయి ఉన్నది. వాన నీటికి సున్నపురాయి ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా కరిగి లోపల గుహలు ఏర్పడతాయి. బోర్లతో నీరు తోడినన్నాళ్లు ఆ గుహలు ఖాళీ అవుతూ వచ్చాయి. ఒక్కసారిగా పెద్ద వాన పడి, పై మన్ను తడిసి బరువెక్కి, ఆ ఖాళీలలోకి జారింది. ఇదీ కథ.

ఆ మాట చెప్పడానికి బయటి నుంచి అధికారులు రావలసి వచ్చింది. తమ ఊరి కింద ఏ రాయి ఉన్నదో చెప్పగల బిడ్డ ఆ చుట్టుపక్కల ఒక్కరున్నా జనానికి ఆ భయం ఉండేది కాదు. ఏటా ఇంటరు ఫలితాలు వెలువడగానే పల్లెల్లో తల్లిదండ్రులు ఇంజనీరింగు కళాశాలల చుట్టూ, లేకుంటే కంప్యూటరు డిగ్రీల చుట్టూ తిరుగుతున్నారు. భూగర్భ శాస్త్రం, భూగోళ శాస్త్రం అనే రెండు చదువులున్నాయనీ, వాటికి ఉద్యోగాలున్నాయనీ చెప్పేవారే కరువయ్యారు. ఈ పరిస్థితి రాష్ట్రమంతటా ఉన్నదే అయినా, కడప సీమలో ఉండడం మరింత విచారకరం.

ఊరి పేర్లే శాస్త్రం పేర్లు

ఎందుకంటే ఈ శాస్త్రంలో కడపకు ఉన్న పేరు మరే జిల్లాకూ అంత సులువుగా దొరికేది కాదు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ అనే అధికారి ఈ ప్రాంతమంతా తిరిగి కడప, కర్నూలు రాళ్ల పొరలపై 1872లోనే ఒక పెద్ద గ్రంథం వెలువరించాడు. అర్ధచంద్రాకారంలో సుమారు 44 వేల చదరపు కిలోమీటర్ల మేర పరచుకున్న ఈ రాతి పొరల ప్రాంతాన్ని శాస్త్రజ్ఞులు నేటికీ ‘కడప బేసిన్’ అనే పిలుస్తున్నారు. ఇందులోని కొన్ని రాళ్ల వయస్సు సుమారు 190 కోట్ల సంవత్సరాలని లెక్క కట్టారు.

ఈ పొరలకు పెట్టిన పేర్లు మన ఊళ్ల పేర్లే. వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, జమ్మలమడుగు, నార్జి, నంద్యాల, బనగానపల్లె, కోయిలకుంట్ల, పాణ్యం అన్నీ భూగర్భ శాస్త్ర పాఠాలలో ఉన్నవే. గువ్వలచెరువు అనగానే బస్సు ప్రయాణికులకు పాలకోవా గుర్తుకు వస్తుంది. భూగర్భ శాస్త్రజ్ఞులకు మాత్రం గట్టి క్వార్ట్‌జైటు రాయి గుర్తుకు వస్తుంది. ఆ ఊరి పేరే పలుకుబడి మారి ‘గుల్చేరు’ అయి పుస్తకాలకెక్కింది. వేంపల్లె పొరల్లోని రాళ్లలో కోట్ల ఏళ్ల నాటి నాచు పొరల ముద్రలు కనిపిస్తాయి. వాటిని చూడడానికి దేశం నలుమూలల నుంచి విద్యార్థులు బస్సుల్లో వచ్చి, సుత్తులతో రాళ్లు కొట్టి, సంచులకెత్తుకొని పోతున్నారు. ఆ రాళ్ల మీదే మేకలు మేపే ఇళ్లలోని పిల్లలకు అదేమిటో తెలియదు.

నేల లోపలి సంపద సంగతి చెప్పనక్కరలేదు. మంగంపేట ముగ్గురాయి నిక్షేపం ఒకేచోట ఉన్న నిక్షేపాలలో ప్రపంచంలోనే పెద్దదిగా పేరుపొందింది. మామూలు రాయి కంటే బాగా బరువైన ఈ రాయి పొడిని చమురు బావులు తవ్వేటప్పుడు బురదలో కలిపి వాడతారు. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు కర్మాగారాలు వెలిసింది అక్కడి సున్నపురాయి వల్లనే. కడప బండ మద్రాసు, బొంబాయి వంటింటి అరల దాకా పోయింది. తుమ్మలపల్లెలో 2012 నుంచి యురేనియం గని నడుస్తున్నది. ఇన్ని గనులున్న చోట లారీ డ్రైవర్లు, కూలీలు, కాపలాదారులు ఎక్కువగా చుట్టుపక్కల ఊళ్లవారే. రాయి నాణ్యం తేల్చి, ఎక్కడ తవ్వాలో, ఎంత తవ్వాలో చెప్పే కుర్చీలో స్థానికుడు కూర్చోవాలంటే ముందు ఆ చదువు చదివి ఉండాలి గదా!

బోరు పాయింటు వెనుక ఉన్న శాస్త్రం

రైతుకు ఈ చదువుతో ఉన్న సంబంధం బోరు బావి దగ్గర తెలుస్తుంది. ఒక రైతుకు 300 అడుగులకే నీరు పడుతుంది. గట్టు అవతలి రైతు 800 అడుగులు వేసినా దుమ్ము తప్ప ఏమీ రాదు. అదృష్టం, దురదృష్టం అని సరిపెట్టుకోవడం అలవాటైపోయింది. నిజానికి గువ్వలచెరువు కనుమకు రాయచోటి వైపున ఉన్నది గ్రానైటు జాతి గట్టి రాయి. అందులో నీరు రాయి నిండా ఉండదు. పైన మురిగిన పొరలోనూ, లోపలి పగుళ్లలోనూ మాత్రమే ఉంటుంది. పగులు తగిలితే నీరు, తగలకుంటే పొడి. కనుమకు కడప వైపున పలక రాళ్లు, సున్నపురాళ్లు పొరలు పొరలుగా ఉన్నాయి. అక్కడ నీటి దారులు వేరు. రెండు చోట్లా ఒకే పద్ధతిలో బోరు వేయడమే పొరపాటు.

టెంకాయ పట్టుకొని, వేపపుల్ల పట్టుకొని పాయింటు పెట్టేవారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. శాస్త్రం చదివినవారు చేసే పని మరొక తీరు. నేలలో నాలుగు ఇనుప కడ్డీలు దిగవేసి, రెండింటి గుండా కరెంటు పంపి, మిగిలిన రెండింటి మధ్య ఎంత తేడా వస్తున్నదో కొలుస్తారు. తడి ఉన్న మురుగు రాయి కరెంటును సులువుగా పోనిస్తుంది, గట్టి ఎండు రాయి అడ్డుకుంటుంది. కడ్డీలను దూరం జరిపే కొద్దీ ఇంకా లోతు సంగతి తెలుస్తుంది. దానికి తోడు చుట్టుపక్కల బావుల లోతులు, వంకల వాలు, ఉపగ్రహ చిత్రాల్లో కనిపించే పగుళ్ల గీతలు కలిపి చూచి పాయింటు నిర్ణయిస్తారు. ఇది కూడా నూటికి నూరు పాళ్లు తప్పనిది కాదు. కానీ నీరు పడే అవకాశం పెరుగుతుంది. అంతకంటే ముఖ్యంగా, ‘ఇక్కడ వేయవద్దు’ అని ముందే చెప్పగలుగుతుంది. ఒక బోరు ఖర్చు తప్పితే ఒక ఇంటి అప్పు తప్పినట్టే.

ప్రభుత్వాలు కూడా ఈ సంగతిని గుర్తించక తప్పలేదు. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం బోర్ల మీద అదుపు తెచ్చింది. 2020 సెప్టెంబరులో మొదలైన ఉచిత బోర్ల పథకంలో సర్వే జరిపిన తరువాతనే బోరు వేయాలని నిబంధన పెట్టారు. అంటే మండలాల్లో తిరిగి పాయింటు చూచే శాస్త్రజ్ఞుల అవసరం ఏర్పడినట్టే కదా. పథకాలు వస్తాయి, పోతాయి. నీటి కరువు మాత్రం పోలేదు గనుక ఆ అవసరం కూడా పోదు.

ఇదిలా ఉండగా, 2021 నవంబరు 19వ తేదీ తెల్లవారుజామున చెయ్యేటి వరదకు అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయి పులపత్తూరు, మందపల్లె తదితర గ్రామాలు అతలాకుతలమైన సంగతి ఇంకా ఎవరూ మరువలేదు. పైన పింఛ ప్రాజెక్టు నుంచి వచ్చిన నీరు, వాగులు వంకల నీరు కలిసి ఎన్ని గంటలకు ఎక్కడికి చేరుతుంది, ఏ ఊరు పల్లంలో ఉన్నది, ఎవరిని ముందు లేపాలి అన్న లెక్కలు భూగోళ శాస్త్రం, జల శాస్త్రం చదివినవారు వేసే లెక్కలు. అటువంటి పటం ప్రతి ఏటిగట్టు పంచాయతీలోనూ ఉండి, దానిని చదవగల మనిషి ఉండడం ప్రాణాలతో పని.

అట్లాగే తుమ్మలపల్లె సమీప గ్రామాల రైతులు తమ బోరు నీరు మారిపోయిందని ఫిర్యాదు చేసినప్పుడు, నీటి పరీక్ష కాగితాలలోని అంకెలకు అర్థం చెప్పడానికి బయటివారి మీదనే ఆధారపడవలసి వచ్చింది. గని వారి మాట నమ్మాలా, ఎదుటివారి మాట నమ్మాలా అన్న సందిగ్ధంలో పడిన రైతుకు, ఆ కాగితం తన కొడుకో కూతురో చదివి చెబితే కలిగే ధైర్యం వేరు.

ఎక్కడ చదవాలి? ఏమి చదివి ఉండాలి?

భూగర్భ శాస్త్రం అంటే రాళ్లు, ఖనిజాలు, నేల పొరలు, భూగర్భ జలం గురించిన చదువు. భూగోళ శాస్త్రం అంటే నేల ఉపరితలం, వాన, నదులు, పంటలు, ఊళ్లు, జనం, పటాలు. భూమి లోపలి సంగతులను భౌతిక శాస్త్ర పద్ధతిలో కొలిచేది భూభౌతిక శాస్త్రం. మొదటి దానికి ఇంటరులో ఎం.పి.సి. గానీ బై.పి.సి. గానీ చదివిన వారు పోవచ్చును. మూడవ దానికి లెక్కలు, ఫిజిక్సు తప్పనిసరి. భూగోళ శాస్త్రానికి ఆర్ట్సు విద్యార్థులకు కూడా తలుపులు తెరిచే ఉన్నాయి. ఇంటరు బోర్డు పాఠ్యాంశాల జాబితాలో జియాలజీ, జాగ్రఫీ రెండూ ఉన్నా, వాటిని చెప్పే కళాశాలలు అరుదు.

కడపలో 2006లో ఏర్పడిన యోగి వేమన విశ్వవిద్యాలయంలో భూగర్భ శాస్త్ర విభాగం ఉన్నది. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో భూగర్భ శాస్త్రం, భూగోళ శాస్త్రం రెండూ ఉన్నాయి. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ, హైదరాబాదులోని ఉస్మానియాలోనూ భూభౌతిక శాస్త్రం కూడా ఉన్నది. ఆంధ్రలో వాతావరణ, సముద్ర శాస్త్రాలు అదనం. ఇంకా పైకి పోదలచిన వారికి డిగ్రీ పూర్తి చేసి ‘జామ్’ అనే అఖిల భారత పరీక్షలో జియాలజీ పేపరు రాస్తే ఖరగ్‌పూరు, రూర్కీ, బొంబాయి, ధన్‌బాద్ ఐ.ఐ.టి.లలో ఎం.ఎస్సీ.కి ప్రవేశం దొరుకుతుంది. ఇంటరులో ఐ.ఐ.టి. సీటు రాలేదని దిగులుపడే పిల్లలకు ఇది రెండవ తలుపు.

ఇక్కడ తల్లిదండ్రులు గమనించవలసిన ముఖ్య విషయం ఒకటున్నది. ఎం.ఎస్సీ.లో భూగర్భ శాస్త్రం చదవాలంటే సాధారణంగా డిగ్రీలో ఆ సబ్జెక్టు ఉండి తీరాలి. కనుక నిర్ణయం ఇంటరు అయిన వెంటనే జరగవలసిందే. డిగ్రీ అయిన తరువాత తెలుసుకొని చింతించినందువల్ల ప్రయోజనం లేదు. ఆన్‌లైనులో డిగ్రీ కళాశాల ఎంచుకునే ముందే ఏ కళాశాలలో జియాలజీ నిజంగా నడుస్తున్నదో, అధ్యాపకులున్నారో, ప్రయోగశాలలో రాళ్ల నమూనాలున్నాయో స్వయంగా వెళ్లి విచారించుకోవడం మంచిది.

ఉద్యోగాల సంగతి

కేంద్ర ప్రభుత్వంలో ఈ చదువుకు అన్నిటికంటే పెద్ద మెట్టు యు.పి.ఎస్.సి. జరిపే కంబైన్డ్ జియో సైంటిస్టు పరీక్ష. 1851లో స్థాపితమైన భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో జియాలజిస్టు, జియోఫిజిసిస్టు, కెమిస్టు పోస్టులు, కేంద్ర భూగర్భ జల బోర్డులో శాస్త్రవేత్తల పోస్టులు దీని ద్వారానే నింపుతున్నారు. ఎం.ఎస్సీ. చదివి ఉండాలి. వయస్సు 21 నుంచి 32 సంవత్సరాలు. వెనుకబడిన తరగతుల వారికి మూడేళ్లు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ఐదేళ్లు సడలింపు ఉన్నది. ప్రిలిమ్సు 400 మార్కులు, మెయిన్సు 600, ఇంటర్వ్యూ 200. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి పరీక్ష రుసుము లేదు.

అయితే ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి. ఈ పోస్టులు ఏటా ఒకే తీరుగా ఉండవు. దేశం మొత్తానికి 2023లో 285 పోస్టులు ప్రకటించగా, 2024లో 56, 2025లో 85 మాత్రమే ప్రకటించారు. దీనినొక్కదానినే నమ్ముకొని కూర్చోవడం వాన మీదనే భారం వేసి వేరుశనగ విత్తడం వంటిది.

కాగా, ఇతర దారులు కూడా ఉన్నాయి. రాష్ట్ర గనుల శాఖలో రాయల్టీ ఇన్‌స్పెక్టరు, టెక్నికల్ అసిస్టెంటు వంటి పోస్టులు, భూగర్భ జల శాఖలో పోస్టులు ఈ శాస్త్రం చదివిన వారివే. హైదరాబాదులో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అణు ఖనిజాల అన్వేషణ సంస్థ, జాతీయ రిమోట్ సెన్సింగు కేంద్రం, సునామీ హెచ్చరికలిచ్చే సముద్ర సమాచార కేంద్రం, జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ ఇవన్నీ ఉన్నాయి. భూమికి సంబంధించి ఇన్ని సంస్థలు ఒక్క తెలుగు నగరంలోనే ఉండగా తెలుగు పల్లె పిల్లలు వాటి గేటు ఎక్కడున్నదో ఎరగకపోవడం ఆశ్చర్యం.

ప్రైవేటు రంగంలో గనుల జియాలజిస్టు పని ఉన్నది. 2017 నాటి ఖనిజ సంరక్షణ నిబంధనల ప్రకారం గనుల యజమానులు మైనింగు ఇంజనీరుతో పాటు జియాలజిస్టును కూడా నియమించుకోవలసి ఉన్నది. పెద్ద గనులకు ఇది పూర్తికాలపు ఉద్యోగం. మొదట్లో జీతం ఇంజనీరింగు చదివి బెంగుళూరు పోయినవారంత ఉండకపోవచ్చును. ఎండలో తిరగాలి, కొండలెక్కాలి, నెలల తరబడి ఇల్లు విడిచి ఉండాలి. పల్లెలో పుట్టి ఎండ వానలకు అలవాటుపడిన పిల్లలకు ఇది పెద్ద కష్టం కాదనే చెప్పవచ్చు.

భూగోళ శాస్త్రం చదివినవారికి ఉపాధ్యాయ వృత్తి పాత దారి. కొత్త దారి కంప్యూటరు మీద పటాలు గీయడం. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లు ఎగరడం ఊరూరా చూశారు. అవి తీసిన చిత్రాలను గీతలుగా, సర్వే నంబర్లుగా మార్చే పని ఈ విద్యకు చెందినదే. గీత ఒక అడుగు జరిగితే అన్నదమ్ముల మధ్య తగాదా వచ్చే చోట, ఆ పని తెలిసిన మనిషి విలువ రైతుకు వేరే చెప్పాలా! సివిల్ సర్వీసు పరీక్షల్లో కూడా చాలామంది జాగ్రఫీని ఐచ్ఛికంగా తీసుకుంటున్నారు.

ఆడపిల్లలకు అడ్డు తొలగింది

ఆడపిల్లలకు ఈ చదువు తగదని తల్లిదండ్రులు వెనుకాడుతున్నారు. పూర్వం అందుకు చట్టమే కారణంగా ఉండేది. 1952 నాటి గనుల చట్టం భూమి లోపలి గనుల్లో స్త్రీలు పనిచేయడాన్ని నిషేధించింది. కానీ 2019 జనవరిలో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వుతో సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాల్లో ఉన్న స్త్రీలు పగటి వేళ లోపలి గనుల్లోనూ పనిచేయవచ్చును. అదిగాక ప్రయోగశాలలు, ఉపగ్రహ చిత్రాల కేంద్రాలు, నీటి పరీక్షలు వంటి కార్యాలయపు పనులు ఎన్నో ఉన్నాయి. కనుక చట్టం తొలగించిన అడ్డును ఇంటి గడప నిలబెట్టడం న్యాయం కాదు.

చేయవలసినదేమిటి?

అసలు అడ్డంకులు మూడు. మొదటిది, తెలియకపోవడం. బడిలో శిలల పాఠం బట్టీ పట్టి మార్కులు తెచ్చుకునే విద్యార్థికి, ఆ శిల తన ఇంటి అరుగుకు పరచినదేనని చెప్పేవారు లేరు. రెండవది, భాష. పైచదువు, పోటీ పరీక్షలు ఇంగ్లీషులో ఉండడంతో తెలుగులో చదివినవారు మొదటి ఏడాదిలోనే బెదిరిపోతున్నారు. మూడవది, డబ్బు. ఎం.ఎస్సీ. దాకా అయిదారు సంవత్సరాలు పెంచి పోషించాలంటే కరువు సీమ రైతుకు అలవి కాదు.

మూడింటికీ మార్గం లేకపోలేదు. 2015లో కేంద్ర గనుల చట్టానికి చేసిన సవరణతో ప్రతి గనుల జిల్లాలోనూ జిల్లా ఖనిజ ఫౌండేషను ఏర్పడింది. గనుల వారు రాయల్టీతో పాటు చెల్లించే సొమ్ము దానికి చేరుతుంది. గనుల వల్ల నష్టపోయే ప్రాంతాల మేలుకే అది ఖర్చు కావాలి. ఖర్చు చేయవలసిన ప్రధాన అంశాలలో విద్య కూడా ఒకటి. ఆ సొమ్ములో కొంత తీసి, గనుల చుట్టూ ఉన్న ఊళ్ల పిల్లలు భూగర్భ శాస్త్రం చదివితే వారికి విద్యార్థి వేతనం ఇవ్వడానికి అభ్యంతరం ఉండనక్కరలేదు. దుమ్ము తిన్న ఊరికి కనీసం చదువైనా దక్కాలన్నది అడగదగిన మాట.

ఉన్నత పాఠశాలల పిల్లలను ఏడాదికొకసారి గువ్వలచెరువు కనుమకో, గండికోట లోయకో, వేంపల్లె రాళ్ల దగ్గరకో తీసుకుపోయి, విశ్వవిద్యాలయ అధ్యాపకుల చేత వివరింపజేయడానికి పెద్ద ఖర్చు కాదు. ఊళ్లో బోరు పాయింటు చూడడానికి జియాలజిస్టు వచ్చిన రోజున బడి పిల్లలను అక్కడికి పిలిచి చూపినా చాలు. రాళ్ల పేర్లు, పొరల పేర్లు తెలుగు, ఇంగ్లీషు రెండింటిలోనూ చెప్పే చిన్న పుస్తకం ఒకటి జిల్లా విద్యాశాఖ వేయిస్తే భాష బెదురు సగం తగ్గుతుంది.

చదువుకున్న ప్రతివారికీ ఉద్యోగం దొరుకుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇంజనీరింగుకు కూడా ఆ హామీ లేదని ఇప్పటికే ఎన్నో ఇళ్లవారు తెలుసుకున్నారు. తేడా ఏమిటంటే, ఈ చదువు చదివిన బిడ్డ ఉద్యోగం వచ్చేలోగా ఇంటికి వచ్చి కూర్చున్నా, ఆ ఊరి బావులకు, పొలాలకు, చెరువులకు పనికివస్తాడు.

బుగ్గలేటిపల్లె పరిసరాలలో నేల మళ్లీ కుంగదని ఎవరూ చెప్పలేరు. చెయ్యేరు మళ్లీ పొంగదని కూడా చెప్పలేరు. అప్పుడు జనం భయంతో పరుగెత్తకుండా, ‘ఇది ఇందువల్ల జరిగింది, ఇటు పొండి’ అని చెప్పగల మనిషి ఊళ్లోనే ఉండాలి. ఈ ఏడు ఇంటరు పాసయ్యే పిల్లలలో కొందరైనా ఆ దారి పట్టేలా అధికారులు, అధ్యాపకులు, తల్లిదండ్రులు శ్రద్ధ వహించవలసి ఉన్నది.